ఫ్యాను కింద కుర్చీ, రెండు ఎనిమిదులు

నవ్వుతరని తెలుసు, అయినా చెప్తున్న. మొన్న ఆదివారం నేను డ్యూటీకి ఎట్ల పోయిన్నో ఇంటే ఈ చాయ్ పైసలు గూడ మీరే ఇస్తరు. అంతటికీ కారణం రెండు ఎనిమిదులు, ఒక ఫ్యాను, నా నోరు. ఎక్కువ తప్పు నోరుదే.

మాది నాచారంల మందుల కంపెనీ, నేను ఫిట్టర్‌ని. ఆదివారం ప్లాంట్ బంద్ ఉంటది గని బాయిలర్ కాడ మా నలుగురిల ఒకరు ఉండాలె. ఎవరుండాలెనో మేమే తేల్చుకోవాలె. మునుపు చీటీలు ఏసుకుంటుంటిమి. ఎలక్ట్రికల్ మూర్తి గారు వచ్చినంక పేకలు వచ్చినయ్. కాకినాడ దిక్కు మనిషి, నెమ్మదస్తుడు, కంప్యూటర్ల చూసి హోల్డెమ్ అని ఒక ఆట నేర్చుకున్నడు. శుక్రవారం లంచ్ టైంల ఆట. పైసలు గిట్ల ఏం లేవు, మనిషికి ఇరవై చింతగింజలు. ఎవరి గింజలు ముందు అయిపోతే ఆదివారం ఆయనది.

ఆట సులువే. చేతిల రెండు ముక్కలు, ఎవరికీ చూపియ్యద్దు. బల్ల మీద అందరికీ కలిపి ముందు మూడు ముక్కలు తెరుస్తరు, తర్వాత ఒకటి, ఆఖరికి ఇంకొకటి. తెరిచినప్పుడల్ల వరుసగ గింజలన్న పెట్టాలె, ముక్కలన్న పడెయ్యాలె. లిమిట్ ఆట గాబట్టి ఎంత పెట్టాలెనో ముందే ఖరారు. మొదట్ల రెండేసి, ఎనక నాలుగేసి, కావాలంటే ఎనకటోడు దాన్ని డబుల్ జెయ్యచ్చు. ఒక్క దెబ్బకు మునుగుడు ఉండదని నాకు మస్తు నచ్చింది. మెల్లమెల్లగ మునుగుతమని తర్వాత తెలిసింది.

ముక్కలు సక్కగ పంచుడు మూర్తి గారికే వస్తది. అందుకని ఎప్పుడూ ఆయనే పంచుతడు. ఆయన ఎడమ పక్కనోడు ప్రతిసారి ముందు మాట్లాడాలె, ఆయన ఆఖర్న. ఆ ఎడమ కుర్చీ నాది. ఎందుకంటే క్యాంటీన్ల తిరిగే ఫ్యాను ఒక్కటే, కుర్చీ సరిగ్గ దాని కింద. ఎవరన్న కూర్చుంటరేమోనని పొద్దుగాలనే టిఫిన్ డబ్బ పెట్టి వస్తుంటి. ఎవరూ రాకపోతుండె. నాకిచ్చే మర్యాద అనుకున్న.

మొదటి వారమే మూర్తి గారు చెప్పిండు. "శ్రీశైలం గారూ, ఆ కుర్చీ మారండి. ముందు మాట్లాడేవాడికి ఎవరి దగ్గర ఏముందో తెలియదు. ఆయన సంగతి మాత్రం అందరికీ తెలిసిపోతుంది."

"మీకు సముద్రం పక్కన ఉడకపోత అలవాటు సార్, నాకు గాలి గావాలె" అన్న. ఆయన ముక్కలు కలుపుడు మొదలువెట్టిండు.

ఇగ ఇంటి సంగతి. మేముండేది ఉప్పల్ల. నా భార్య సుజాతకు హబ్సిగూడల ఒక హాస్టల్ ఆఫీసుల నౌకరి దొరికింది. మెట్రో పిల్లర్ల కోసం రోడ్డంత తవ్విపెట్టిన్రు, బస్సుకు ఎండల గంటసేపు నిలబడుతది. అందుకే పాత స్కూటీ తీసుకున్నం, ఆదివారం నేర్పిస్తనని మాటిచ్చిన. నాలుగు ఆదివారాలు పోయినయ్. నాలుగుసార్లూ ఆటల ఓడిపోయిన, నాలుగుసార్లూ "మేనేజర్ డ్యూటీ ఏసిండు" అని చెప్పిన. ఇంటికి వస్తే కవర్ కప్పిన స్కూటీ ఎదురుంగ కనిపిస్తది, మనసు కలుక్కుమంటది. ఆ వచ్చే సోమవారమే ఆమెకు లైసెన్స్ టెస్ట్. ఈ ఆదివారం గూడ నేర్పియ్యకుంటే టెస్ట్ పోయినట్టే. ఒట్టు, ఆ శుక్రవారం గెలువాలెననే కూర్చున్న.

నా కాడ పంతొమ్మిది గింజలున్నయ్. తలా ఒకటి ఏసినం. ముక్కలు ఎత్తి చూస్తే రెండు ఎనిమిదులు. నేను చిన్నప్పటిసంది మూడుముక్కలాట ఆడినోన్ని. అండ్ల ఎనిమిదుల జోడి పడ్డదంటే మీసం తిప్పుడే. గని ఈ ఆటల చేతియి, బల్ల మీదియి కలిపి మనిషికి ఏడు ముక్కలు. ఏడు ముక్కలల్ల జోడి ఎవనికి పడదు? ఈ లెక్క నాకు ఆదివారం బాయిలర్ ముందు కూర్చున్నంక తట్టింది.

ముందు నేనే గదా, రెండు పెట్టిన. ముగ్గురూ వచ్చిన్రు. తెరిస్తే రాజు, జాకీ, ఐదు. నా ఎనిమిదులు చిన్నబోయినయ్. ఊకుంటే అయిపోతుండె. ఊకుంటే భయపడ్డడనుకుంటరని మల్ల పెట్టిన. వెల్డర్ యాదగిరి ముక్కలు పడేసి పెరుగన్నం కలుపుకున్నడు. స్టోర్స్ సత్తయ్య సప్పుడు జెయ్యకుండ రెండు జరిపిండు. మూర్తి గారు అద్దాలు తుడుచుకొని డబుల్ జేసిండు.

"ఏమున్నది సార్ మీ కాడ?"

"ఏదో ఉందండి."

ఇంకో రెండే గదా అని ఇచ్చిన. తర్వాతి ముక్క మూడు. నాలుగు పెట్టిన, ఆయన ఎనిమిది జేసిండు, ఇచ్చిన. ఆఖరి ముక్క రాణి. నా ముందు నాలుగే గింజలు మిగిలినయ్. అప్పుడు సుజాత యాదికొచ్చింది, అబద్ధం చెప్పను. ఆ నాలుగు దాసుకుంటే ఇంకో ఆట ఆడచ్చు. గని ఇంత పెట్టి ఇప్పుడు తగ్గితే ఇజ్జత్ ఏమైతది? పెట్టేసిన.

మూర్తి గారు రాజు, జాకీ చూపిచ్చిండు. రెండు జోడీలు. సత్తయ్యకు గూడ జాకీల జోడి ఉన్నది. మిగిలిన ముగ్గురిల నాది మూడో నంబర్.

"పెద్ద జోడీ అయితే కొట్టొచ్చు, చిన్నదైతే పడేయొచ్చు. మనిషికి ఆశంతా ఈ మధ్యరకం వాటితోనేనండి. అందులోనూ మీరు ముందు కూర్చున్నారు" అనుకుంట గింజలు దగ్గరికి తీసుకున్నడు.

పొద్దుగూకినంక ఇంటికి పోయిన. సుజాత మంచం మీద కూర్చున్నది, చేతిల స్కూటీ తాళంచెయ్యి. "రా, నీకొక ముచ్చట చెప్పాలె" అన్నది. యాదగిరి భార్య ఫోన్ జేసి చెప్పేసింది అనుకున్న.

"తప్పయింది సుజాతా. మేనేజర్ ఎయ్యలే. పేకలాటల ఓడిపోయిన. ఈ వారమే గాదు, అన్ని వారాలూ గంతే" అని గడగడ చెప్పేసిన.

ఆమె తాళంచెయ్యి మంచం మీద పెట్టింది. "నేను అడిగిన్నా?"

"అడగలే."

"నాకు స్కూటీ వచ్చింది. ఆదివారాలు పక్కింటి టీచరమ్మ నేర్పిచ్చింది. నిన్ను మేనేజర్ సతాయిస్తుండు, పాపం అలిసిపోయి వస్తున్నవని నీకు చెప్పలే. ఎల్లుండి మొట్టమొదలు నిన్నే ఎనక కూర్చోవెట్టుకొని చెంగిచెర్ల అక్కోళ్లింటికి తీస్కపోదామనుకున్న. చికెన్ వండుమని ఫోన్ గూడ జేసిన."

తిట్టినా బాగుండు. నాలుగు వారాలు ఆమె కోపమంత లేని తప్పుకు ఆ మేనేజర్ మీద, జాలంత నా మీద. అది యాదికొస్తే ఇప్పటికీ సిగ్గైతది.

మాట ప్రకారం మొట్టమొదలు నన్నే ఎక్కించుకున్నది, చెంగిచెర్లకు గాదు, కంపెనీ గేటుకు. నన్ను అక్కడ దించి టీచరమ్మను తీసుకొని పోయింది. చికెన్ల నా వంతు గూడ వాళ్లే తిన్నరట. సోమవారం టెస్ట్ గూడ పాసైంది.

మూర్తి గారు ముందు కుర్చీ ఎందుకు మారుమన్నడో నాకు ఆ స్కూటీ మీద తెలిసింది. దారిల ఒక గుంత చూసి "బ్రేక్..." అనవోయిన. "ఏమన్న అన్నవా?" అన్నది. లేదన్న. టిఫిన్ డబ్బ ఒళ్లె పెట్టుకొని, ఎనక కూర్చొని, నోరు మూసుకున్న. గాలి గూడ ఫ్యాను కన్న మంచిగ వచ్చింది.