నేను వెనకేసుకొచ్చిన ఆల్బమ్

డిగ్రీ చదివే రోజుల్లో కరీంనగర్‌లో నా దోస్తు ఇంట్లో పెద్ద టేప్‌రికార్డర్ ఉండేది. దుబాయ్‌లో పనిచేసే వాళ్లన్న తెచ్చాడు. దాంతోపాటు ఒక ఇంగ్లీషు రాక్ బృందం క్యాసెట్లు కూడా వచ్చాయి. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. గిటార్ పరుగులు తీస్తుంటే మేమిద్దరం నోరు తెరుచుకుని వినేవాళ్లం.

తర్వాతి సెలవుల్లో ఆ బృందం గిటారిస్టు ఒక్కడే చేసిన ఆల్బమ్ దుబాయ్ నుంచి వచ్చింది. అందులో పరుగుల్లేవు. అతను తనే పాడాడు, గిటార్ తక్కువ వాయించాడు. సగం వినకముందే నా దోస్తు ఆపేశాడు.

"గిదేం పాటరా? గిండ్ల గిటార్ ఏది? వాయించుడు మర్చిపోయినట్టున్నడు. నాకొద్దు, నువ్వే తీస్కపో."

అది నా మొదటి సొంత క్యాసెట్. అందుకే వెనకేసుకొచ్చాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ అంతగా నచ్చలేదు.

తర్వాత బోథ్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. నా గదిలో వోల్టేజీ చాలేది కాదు, చిన్న టేప్‌రికార్డర్‌ని టార్చిలైట్లో వాడి తీసేసిన సెల్లుల మీదే నడిపేవాణ్ణి. అవి తగ్గితే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాణ్ణి. బడి నుంచి వచ్చి, వంటకు స్టవ్ వెలిగించి, ఆ ఆల్బమ్ పెట్టుకునేవాణ్ణి. మెల్లమెల్లగా అది నాలో ఇంకింది. లోతైన గొంతు, తొందర లేని నడక. రెండో వైపు చివరి పాటలో మధ్యన గిటార్ పూర్తిగా ఆగిపోతుంది. చాలాసేపటికి ఒకే ఒక్క స్వరంతో తిరిగి వస్తుంది. ఆ స్వరం కోసం ఎదురుచూడటం నాకు అలవాటైంది. రెండేళ్లపాటు దోస్తుకు ఉత్తరాల్లో ఇదే రాశాను. అతను ఒక్కసారీ ఒప్పుకోలేదు.

ఒక వానాకాలం అతనే బోథ్ వచ్చాడు. మర్నాడు వాగు పొంగి బస్సులు బందయ్యాయి. ఇంకెక్కడికీ పోలేడు కాబట్టి క్యాసెట్ పెట్టాను.

"జర మొత్తం ఇను. నడుమ మాట్లాడకు."

రెండు నిమిషాలైనా కాలేదు, కనుబొమలు ముడిచాడు. "గీ మనిషి గొంతు గింత మోటుగ లేకుండెరా." టేప్‌రికార్డర్‌ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వెనక మూత తీశాడు. ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "అరేయ్, నీ సెల్లులు అయిపోయినయిరా! టేపు మెల్లగ తిరుగుతుంది. రెండేండ్లు గిదేనా ఇన్నది?"

నేను నమ్మలేదు. వాన కాస్త తెరిపివ్వగానే బస్టాండు దగ్గర కొత్త సెల్లులు కొనుక్కొచ్చి వేశాం. గొంతు సన్నబడింది. పాట చురుగ్గా నడిచింది. ఎవరో తెలియని మనిషి పాడుతున్నట్టుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నేను రాసిన ఉత్తరాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

అంతలో పక్క గదిలో ఉండే లెక్కల సారు చాయ్‌కి వచ్చాడు. అప్పుడు చివరి పాట నడుస్తోంది. నా దోస్తు నవ్వాపుకుంటూ అడిగాడు.

"సార్, మీరే చెప్పున్రి. గిది బాగుందా?"

సారు చాయ్ గ్లాసు కింద పెట్టి, మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ చివరిదాకా విన్నాడు.

"బాగుందో లేదో నాకు తెల్వది. గని గిది ఏడు దెబ్బల లెక్క. మూడు, నాలుగు, కలిపి ఏడు. నడుమ గిటార్ బంద్ చేసిండు సూడున్రి, అప్పుడు గూడ లెక్క తప్పలే. మల్ల సరిగ్గ ఒకటి కాడ్నే అందుకున్నడు."

పాటను వెనక్కి తిప్పి మళ్లీ విన్నాం. నా దోస్తు వేళ్లు లెక్కపెడుతూ రెండుసార్లు తప్పాడు. మూడోసారి ఆ స్వరం అతని వేలి మీదే వచ్చి పడింది. నవ్వు ఆగిపోయింది.

"సరే, వాయించుడు మర్చిపోలే," అన్నాడు. "గని పాడకుంటే బాగుండు."

గొంతు బాగా లేదని నేనూ ఒప్పుకున్నాను. మొదటి వైపు రెండు పాటలు పేలవమని కూడా ఒప్పుకున్నాను. సెల్లుల వల్ల వచ్చిన నెమ్మది పోయింది, కానీ ఆ ఎదురుచూపు పోలేదు. అది ఆ గిటారిస్టు కావాలని చేసిందే. వేగంగా వాయించగలడని లోకమంతా ఎరిగిన మనిషి, చేతులు ముడుచుకుని అన్నిసార్లు ఏడు లెక్కపెట్టడం మామూలు సంగతి కాదు. అందుకే ఈసారి ఎవరు తీసిపారేసినా మొండితనంతో కాక, విని వెనకేసుకొస్తున్నాను.

వాగు తగ్గాక నా దోస్తు వెళ్లిపోతూ ఆ క్యాసెట్ అడిగి తీసుకుపోయాడు. కాపీ చేసుకుని నెల తిరక్కుండా పంపాడు. తొంభైల్లో నేను బదిలీ మీద కరీంనగర్ వచ్చాక, ఆదివారాలు వాళ్లింటికి పోతే అదే పెట్టేవాడు. గొంతు మొదలవగానే సౌండ్ తగ్గించేవాడు. నేను లేచి పెంచేవాణ్ణి.