బసప్ప సారు నీళ్ల డబ్బాలు

ఒక చిన్న అబద్ధం చెప్పి, ఆరేళ్లు దాన్ని దిద్దకుండా ఊరుకున్నాను. మొన్న మా నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో ఎవరో కుళాయి దగ్గర కొత్త ఎర్ర సబ్బు విప్పారు. ఆ ఘాటు వాసనకు బసప్ప సారు గుర్తొచ్చి, చేతిలో టేపుతో అలాగే నిలబడిపోయాను. ఆయన్ను ఎరగనివాళ్లకు కూడా నిజం తెలియాలని ఇది రాస్తున్నాను.

సారు తాండూరులో మా సూపర్‌వైజర్. రాయి కోసే చోట మనిషి గంటలో తెల్లబడిపోతాడు. చేతికి మరక అంటితే ఓర్చుకోలేని మనిషి అక్కడ పనిచేయడమంటే, తుమ్ముల మనిషిని మిరపకాయల గిడ్డంగికి కాపలా పెట్టినట్టే. బండ ముట్టుకుంటే ఆ ఎర్ర సబ్బుతో చేతులు కడిగేవాడు. కుళాయి కట్టేసిన చెయ్యి మురికైందని మళ్లీ కడిగేవాడు. చివరికి కుళాయినీ కడిగేవాడు. వికారాబాద్ నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చే కొత్తవాణ్ణి నేను. నాకు పని నేర్పింది ఆ పట్టింపే. ప్రతి బండనూ మూడుసార్లు కొలిపించేవాడు. "రెండోసారి కొలిస్తే మొదటిది తప్పని తెలుస్తది రాజూ. మూడోసారి కొలిస్తే రెండోది తప్పని తెలుస్తది" అనేవాడు.

టీ తెచ్చే యాదమ్మ గ్లాసును ఆయన ఐదుసార్లు కడుగుతుంటే ఆమె ముక్కు ముడతలు పడి, పైపెదవి లేచేది. "సారూ, ఇంక జర కడిగితే గ్లాసు కరిగిపోతది" అంది ఒకరోజు.

"కోపమొచ్చిందా యాదమ్మా?" అని అడిగి, మర్నాడు ఆమెకు సంచెడు సీతాఫలాలు తెచ్చాడు. ఎవరు ఏవగించుకున్నా ఆయన కంటికి అది కోపంలాగే కనిపించేది. ఆ కోపం చల్లార్చడానికి పళ్లు తెచ్చేవాడు. ఇది కనిపెట్టి, ఆ సీతాఫలాల కాలమంతా నేను ముక్కు ముడుచుకునే పనిచేశాను. చాలా సీతాఫలాలు తిన్నాను. అయితే అదంతా నటన కాదు. కడిగి కడిగి పగిలి, రసి కారే ఆయన చేతులు చూస్తే నాకు నిజంగానే ఏవగింపు కలిగేది. ఆయన టిఫిన్ డబ్బాలోంచి రొట్టె ఇస్తే ఆకలి లేదనేవాణ్ణి.

ఒకసారి కూతురి పోరు పడలేక హైదరాబాద్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. అది ఓసీడీ అన్నారట. మనుషుల మొహాల ఫోటోలు చూపించి, ఏ భావమో చెప్పమన్నారట.

"భయం చెప్పిన, ఏడుపు చెప్పిన. ఏవగింపు మొహం చూపిస్తే మాత్రం ప్రతిసారి కోపం అన్ననంట. ఈ జబ్బున్నోళ్లల్ల కొందరికి గట్లయితదట" అన్నాడు నవ్వుతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పు రాజూ. నన్ను చూసి వీళ్లు పెట్టే మొహం కోపమా, ఏవగింపా? నీళ్లు ఖర్చయితున్నయని కోపమైతే ఇంటికెల్లి తెచ్చుకుంట. ఏవగింపైతే మాత్రం ఫికర్ చెయ్యాలె, మందులకు పోవాలె."

ఆ మొహాల్లో నాదీ ఒకటి. "కోపమే సార్, బోరుల నీళ్లు తక్కువున్నయి గద" అన్నాను. మొహమాటం అనుకున్నాను. పిరికితనం.

మర్నాటి నుంచి ఆయన మోపెడ్‌కు రెండువైపులా నీళ్ల డబ్బాలు వేలాడాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దిగి తోసుకుంటూ వచ్చేవాడు. "ఏం సారూ, ట్యాంకరు పెట్టినవా?" అని యాదమ్మ అడిగితే, "ఇగ నీకు కోపం రాదు గద" అని సంబరపడేవాడు. ఆమె అర్థంకాక నాకేసి చూసేది. నేను బండకేసి చూసేవాణ్ణి. మందుల మాట మళ్లీ ఎత్తలేదు. రిటైరయ్యేదాకా మోశాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. నేనూ మూడుసార్లు కొలుస్తాను. కొలతలో తప్పు రాలేదు, వచ్చిందల్లా ఆ ఒక్క మాటలోనే. సబ్బు వాసన తగిలిన ఆ వారమే, ఆదివారం ఆయన ఇంటికి వెళ్లాను. బిడ్డ మళ్లీ డాక్టరుకు చూపించిందట, చేతుల పగుళ్లు మానాయి. ఒక్కసారే చెయ్యి కడుక్కుని నాకు జొన్నరొట్టె పెట్టాడు.

"అప్పుడే మందులకు పోతే అయిపోతుండె రాజూ. ఉత్తగ నీళ్లు మోసిన" అన్నాడు.

రొట్టె పళ్లెంలో పెట్టేశాను. "సార్, అది కోపం కాదు. ఏవగింపే. అందరికన్నా ఎక్కువ నాదే. నాకు అప్పుడే తెలుసు" అన్నాను.

బండలో పగులు వెతికినట్టు ఆయన నా మొహాన్ని చాలాసేపు చూశాడు.

"మరి ఇప్పుడు గీ మొహమేంది? కోపమా?"

"సిగ్గు సార్. మీకు అబద్ధం చెప్పిన. మాఫ్ చేయండి."