బతికున్న బుగ్గ

"కూడదు" అని ఎవరైనా అంటే, ఎందుకు కూడదో చెప్పేదాకా వాళ్ల ఎదురుగా నిలబడడం గౌరీశ్వరికి చిన్నప్పటి అలవాటు. పుట్టింట్లో దాన్ని మొండితనం అన్నారు. అత్తింటికి వచ్చాక తలబిరుసు అన్నారు. ఆవిడ ఏ పేరూ కాదనలేదు, అలవాటూ మానలేదు.

ఆవిడ భర్త సూరన్నకి కంచరపాలెం రైల్వే గేటు పక్కన సెలూన్ ఉండేది. సెలూన్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక కుర్చీ, ఒక అద్దం, కత్తి సానపట్టడానికి గోడకి వేలాడే తోలుపట్టీ, అంతే. పోర్టుకి ఇనుప ఖనిజం తీసుకెళ్లే గూడ్సుల కోసం గేటు వేశారంటే ఓ పట్టాన ఎత్తేవాళ్లు కాదు. ఆ ఖాళీలో గెడ్డం గీయించుకుని పోయేవాళ్లతోనే సూరన్నకి పొద్దు గడిచేది. మంచి చెయ్యి. ఆయన కత్తి కింద కునుకు తీసినవాళ్లు కూడా ఉన్నారు. కులపెద్ద జగ్గయ్య సైతం తన గెడ్డం మరొకడి చేతిలో పెట్టేవాడు కాదు.

గౌరీశ్వరి పురుళ్లు పోసేది. వాళ్ల కులంలో అది తరాల నాటి పంపకం. కత్తి మగవాళ్లది, పురుడు ఆడవాళ్లది. ఆ పంపకం ఎవరు చేశారో ఆవిడ అత్తగారిని అడిగింది ఒకసారి. అత్తగారు పని చూసుకోమంది.

డెబ్భై తొమ్మిదిలో, వానాకాలంలో ఒక ఉదయం, షాపు తలుపు తీస్తూ తీస్తూ సూరన్న గుమ్మంలోనే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కుడి బుగ్గ జారిపోయింది. మాట ముద్దగా వచ్చేది, గౌరీశ్వరికి తప్ప ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. గోపాలపట్నంలో ఒకరి షాపులో పనిచేసే తమ్ముడు సత్యం పరుగెత్తుకొచ్చి, అన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. మంచివాడే, కానీ పెద్దవాళ్ల ముందు నోరు లేవని మనిషి.

ఆ తర్వాత జగ్గయ్య వచ్చాడు, కులసంఘం తరఫున, సత్యాన్ని వెంటబెట్టుకుని.

"అయిందేదో అయిపోనాది. షాపు సత్యం సూసుకుంటాడు. మిమ్మల్నిద్దర్నీ ఆడే సాకుతాడు. నువ్వేటీ బెంగెట్టుకోకమ్మా," అన్నాడు.

"షాపు నాను నడుపుతాను పెద్దయ్యా," అంది గౌరీశ్వరి.

"ఎవుల్ని పెట్టి?"

"ఎవుల్నీ పెట్టను. నానే గీత్తాను."

జగ్గయ్య నవ్వాడు. సత్యం తల దించుకున్నాడు.

"ఆడది కత్తి పట్టకూడదే."

"ఎందుకూ కూడదు? నీ మనవడి బొడ్డు కోసింది ఈ సెయ్యే గదా. ఆ దినం కూడదని ఎవులూ అన్లేదేటి?"

"బొడ్డు ఏరు, మగోడి పీక ఏరు. ఏ మగాడు ఆడదాని కత్తికి పీక అప్పగిత్తాడే? వచ్చే నెల సంఘం మీటింగున షాపు సత్యానికి రాసీద్దాం. ఈలోగా ఒక్క మగాడు, ఒక్కడంటే ఒక్కడు, నీ కుర్సీలో కూకుంటే అప్పుడు నాతో మాటాడు."

సూరన్న మంచం మీద నుంచి ఏదో అన్నాడు. జగ్గయ్యకి అర్థం కాలేదు. అర్థమైన గౌరీశ్వరి దాన్ని తిరిగి చెప్పలేదు, ఎంత కోపంలో ఉన్నా పెద్దవాడి ముందు అనే మాట కాదది.

నెల రోజుల్లో కత్తి నేర్చుకోవాలి. అంటే ఇప్పటి బ్లేడు సెట్టు కాదు, మడతపెట్టే మంగలికత్తి. గెడ్డంతో పాటు ప్రాణాన్నీ లాగేయగలదు. ముందు ఆనపకాయ మీద మొదలుపెట్టింది. లేత ఆనపకాయకి సన్నటి నూగు ఉంటుంది. దానికి సబ్బునురుగు పట్టించి, తొక్క తెగకుండా నూగు మాత్రం తియ్యాలి. మొదటి కాయని నిలువునా చెక్కేసింది. ఆ వారమంతా ఇంట్లో ఆనపకాయ కూరే. సూరన్న ముఖం చిట్లించుకుని తిన్నాడు.

తర్వాత ఆయన గెడ్డం. ఇక్కడే పొరపాటు చేసింది, అదీ ప్రేమతో చేసింది. కుడి బుగ్గకి స్పర్శ లేదు కదా, తెగినా నొప్పి తెలియదు కదా అని ఆ బుగ్గ మీదే రోజూ సాధన చేసింది. గాటు పడితే చప్పుడు చెయ్యకుండా పటిక అద్దేసేది. ఆయన ఒక్కసారైనా ఉలిక్కిపడకపోవడంతో, చెయ్యి కుదురుకుందనే అనుకుంది. ఒక రోజు భుజం మీది తువ్వాలుకి అంటిన నెత్తురు సూరన్న కంట పడింది. ఎడమ చేత్తో అద్దం లాక్కుని చూసుకున్నాడు. బుగ్గ నిండా గాట్లే.

ఆయన అంత గట్టిగా అరవడం పడిపోయిన తర్వాత అదే మొదలు. నీళ్ల చెంబు విసిరికొట్టాడు.

"నొప్పెడతాదని ఇటేపు గీసినాను మావా," అంది.

ఆయన ఊపిరి కూడదీసుకుని ఒక్కో ముక్కా పలికాడు.

"సచ్చిన బుగ్గ... నీకేటి సెప్తాది? ఇదిగో... ఇటేపు గియ్యి. ఇది బతికుంది. ఇది సెప్తాది."

ఎడమ బుగ్గ తిప్పి పెట్టాడు. ఆవిడ కత్తి ఆనించింది. ఆయన బాగున్న చేత్తో ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. కత్తి బరువు ఎక్కువైతే గిల్లేవాడు. సరిగ్గా ఉంటే వేళ్లు వదులు చేసేవాడు. కత్తిని నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. ఎడమ బొటనవేలితో చర్మాన్ని లాగి పట్టుకోవాలి. మొదట వెంట్రుక వాలిన వైపే పోవాలి. ఇవన్నీ ఆయన నోటితో చెప్పినవి తక్కువ, గిల్లి చెప్పినవి ఎక్కువ. మీటింగు దగ్గరపడే సరికి ఆవిడ మణికట్టు కమిలిపోయింది, ఆయన ఎడమ బుగ్గ నున్నగా తేలింది. అప్పుడు జారిన బుగ్గ కూడా లొంగింది. లాగి పట్టుకోవడం తెలిశాక అది ఏపాటి పని!

కానీ షాపులోకి మాత్రం ఒక్క మగాడూ రాలేదు. రోజూ తలుపు తీసి కూర్చునేది. గేటు దగ్గర ఆగినవాళ్లు తొంగి చూసేవాళ్లు, చీర కనబడగానే బీడీ వెలిగించుకుని అటు తిరిగేవాళ్లు. ఒకడైతే వెటకారంగా గొంతు తడుముకుని మరీ పోయాడు. ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మీటింగు మంగళవారం. ఆ రోజు ఊళ్లో ఏ సెలూనూ తియ్యరు, కత్తి ముట్టరు, అది సంఘం కట్టుబాటు. జగ్గయ్య, సత్యం, మరి కొందరు పెద్దలు మీటింగుకి పోతూ గేటు దాకా వచ్చేసరికి గౌరీశ్వరి షాపు తెరిచే ఉంది. అంతటితో ఊరుకోలేదు. కుర్చీ రోడ్డు మీదికి లాగి, సూరన్నని కూర్చోబెట్టి, నురుగు పట్టిస్తోంది. గేటు వేసి ఉంది. అటు బస్సు, ఇటు రిక్షాలు, సైకిళ్లు, జనం. ఎవరికీ కదిలే దారి లేదు, చూడక తప్పదు.

"మంగళారం కత్తి పట్టినావేటే! నీకేటి పోయేకాలం?" జగ్గయ్య కేకేశాడు.

"ఆడది పట్టకూడదన్నావు, పట్టీసినాను. ఇంక ఏ వారమైతే ఏటి?" అంది, తలెత్తకుండా.

అందరి ఎదుటా ఎడమ బుగ్గ గీసింది. కుడి బుగ్గ గీసింది. సూరన్న తల వెనక్కి వాల్చి గొంతు అప్పగించాడు. గొంతు మీద కత్తి నాలుగు సార్లు నడిచింది. దవడ మలుపులో మాత్రం చిన్న గాటు పడి ఎర్రగా చుక్క లేచింది. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. సూరన్న ఉలకలేదు. పటిక అద్ది, మిగతాది పూర్తి చేసింది.

"నీ మొగుడే గదా," అన్నాడు జగ్గయ్య. "పారిపోలేడు గనక కూకున్నాడు."

ఆ మాట ఆవిడ గుండెల్లో దిగింది. కత్తి మడిచి జవాబు చెప్పబోయేంతలో, సూరన్న కుర్చీ చేతిని ఎడమ చేత్తో పట్టుకుని లేచాడు. పడ్డ రోజు తర్వాత ఎవరి సాయం లేకుండా లేవడం అదే. ఒంటి కాలి మీద ఊగుతూ నిలబడి, ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించి, జగ్గయ్యని రమ్మన్నాడు. ఆ పిలుపు మాటలు రాకపోయినా అందరికీ అర్థమైంది.

జగ్గయ్య కదల్లేదు. సత్యం కదిలాడు. అన్న దగ్గరికి వెళ్లి, పనివాళ్లు చూసుకున్నట్టు వేళ్ల వెనక భాగంతో ఆ బుగ్గని కింది నుంచి పైకి రాసి చూశాడు. రెండోదీ చూశాడు. చూసి, షాపు ఎవరి పేరున రాయబోతున్నారో ఆ మనిషే వెళ్లి కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

"గియ్యి వదినా."

గౌరీశ్వరికి అప్పుడు భయం వేసింది. పరాయి గొంతు. మణికట్టు మీద సూరన్న వేళ్లు లేవు. ఒక్క గాటు పడితే షాపు పోతుంది, తనని నమ్మి కూర్చున్న వాడి పరువూ పోతుంది. అయినా కత్తి పడుకోబెట్టింది.

"ఒరే సత్యం! లెగరా!" జగ్గయ్య ముందుకొచ్చాడు.

"పీక మీద కత్తుంది పెద్దయ్యా," అన్నాడు సత్యం, పెదాలు కదిలీ కదలకుండా. "ఇప్పుడు లెగిత్తే తెగిపోద్ది."

బస్సు కిటికీల్లోంచి నవ్వులు పగిలాయి. అవి గౌరీశ్వరిని చూసి నవ్వినవి కావు. గూడ్సు వెళ్లిపోయింది, గేటు లేచింది, డ్రైవరు మాత్రం బండి తియ్యలేదు. సత్యం లేచి ముఖం తుడుచుకున్నాక, తువ్వాలు మీద నురుగు తప్ప ఏమీ లేదు.

"రేపు బుధారం. పొద్దున్నే తలుపు తీత్తాను," అంది గౌరీశ్వరి జగ్గయ్యతో. "సంఘం నన్ను ఎలేత్తే ఎలీసుకోండి. షాపు మాత్రం ముయ్యను."

వెలివేశారు కూడా, కొన్నాళ్లు. పెళ్లిళ్లకి పిలవలేదు. ఈలోగా ఉక్కు ఫ్యాక్టరీ పనులకి ఎక్కడెక్కడి నుంచో జనం దిగారు. వాళ్లకి గెడ్డం గీసే చేతికి గాజులున్నాయా లేవా అన్నది పట్టలేదు. వాళ్లని చూసి ఊరివాళ్లు వచ్చారు. సంఘం కూడా ఆ వెలి సంగతి మర్చిపోయినట్టు నటించింది.

జగ్గయ్య మాత్రం ఆడదాని కత్తికి పీక అప్పగించకూడదన్న మాట మీదే నిలబడ్డాడు. గెడ్డం కోసం వారానికోసారి గోపాలపట్నం బస్సెక్కేవాడు, ముసలితనంలో కూడా. ఆ బస్సు కంచరపాలెం గేటు దగ్గర ఆగక తప్పదు. కిటికీ పక్కన ఆయన కనిపిస్తే గౌరీశ్వరి చేతిలో పని ఆపి, కత్తితోనే గుమ్మంలోకి వచ్చి నిలబడేది, గేటు ఎత్తేదాకా.