చీకటిని ఫొటో తీసిన సాయంత్రం

కరెంటు పొదుపులో మా వార్డుకు ఆద్యుణ్ణి నేనే. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి, రాత్రిళ్ళు నా పుస్తకం కోసం వెలగాల్సిన బల్బును అప్పటి నుంచే కాపాడుతూ వస్తున్నాను. ఇంత సేవ చేసినా నాకు ఎవరూ శాలువా కప్పలేదు. టెంట్ హౌస్ పెట్టుకున్నాక, వేరేవాళ్ళకు శాలువాలు కప్పే స్టేజీలు మాత్రం నేనే వేస్తున్నాను.

ఆ మధ్య సిద్దిపేటలో మా వార్డుకు ఇంధన పొదుపు ప్రణాళిక రాస్తామని మీటింగు పెట్టారు. గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మలు కనబడాలని పట్టపగలు కిటికీలకు పరదాలు వేశారు. పరదాలు వేస్తే కాగితాలు కనబడలేదని ట్యూబులైట్లు వేశారు. లైట్లు వేస్తే బొమ్మలు కనబడలేదు. అయినా మున్సిపాలిటీ సారు ఆగకుండా చెప్పుకుపోయాడు. వారానికి ఒక గల్లీ చొప్పున, సాయంత్రం గంటసేపు స్వచ్ఛందంగా లైట్లు ఆర్పుకోవాలట.

"ముందుగాల ఏ గల్లీ వస్తది?" అని అడిగాడు. అందరూ కిందికి చూస్తూ కూర్చున్నారు. నాకు నిశ్శబ్దం పడదు. లేచి నిలబడ్డాను.

"మా గల్లీ రాస్కో సార్. మాకాడ లైట్లున్నప్పుడే ఏం కానరాదు. ఆర్పినా ఎవ్వలకు ఎరుక గాదు."

స్తంభాల మీద సగం లైట్లు వెలగట్లేదని నా ఏడుపు. హాలంతా నవ్వింది. సారు నవ్వలేదు, రాసుకున్నాడు. జోకులు రాసుకునే గడి వాళ్ళ కాగితంలో లేదు కాబట్టి నాది ప్రతిపాదన అయిపోయింది. తర్వాతి వారమే మా గల్లీలో 'ఆదర్శ గల్లీ' అని బ్యానర్ కట్టారు. నిచ్చెన నాదే కాబట్టి, కట్టింది కూడా నేనే.

మా ఇంటావిడ బట్టలు కుడుతుంది. లైట్లు ఆర్పాల్సిన సాయంత్రం ఆమె మెషిన్ మీద చిన్నకోడూరు పెళ్ళికూతురి పట్టు జాకెట్టు ఉంది. తెల్లారితే పెళ్ళి. ఒక చేయి అతికించింది, రెండోది మిగిలింది. పెళ్ళికూతురి తల్లి మంచం అంచున కూర్చుని, ఆఖరి బస్సు పోతుందేమోనని గుమ్మంలోకి చూస్తూనే ఉంది.

"ఇప్పుడే ఆర్పుతరంటనా? పోయి నీ సారుకు జెప్పు," అంది మా ఆవిడ.

"స్వచ్ఛందం గదనే. ఇష్టమున్నోళ్ళే ఆర్పుతరు. మనకిష్టం లేదు, గంతే."

నా మాట పూర్తికాకముందే గల్లీ మొత్తం చీకటైంది. స్వచ్ఛందమంటే, మనకు ఇష్టం పుట్టేదాకా ఆగలేక వాళ్ళే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బంద్ చేస్తారన్నమాట.

నేను ఫోన్ వెలుగు పట్టాను. ఎర్ర పట్టు మీద ఎర్ర దారం; కుట్టు ఎటు పోతోందో తెలియడం లేదు. ఆమె మెషిన్ ఆపేసింది. "ఆగమైతే మల్ల గీ బట్ట యాడ దొరుకుతది బిడ్డా?" అని ఆ తల్లి ఏడుపు గొంతుతో అంది. నేను ఫోన్‌ను ఇంకాస్త దగ్గరికి పట్టాను.

అప్పుడే బయటి నుంచి సారు కేకేశాడు. ఫొటో పైకి పంపాలట. తీస్తే నలుపు తప్ప ఏమీ పడలేదు.

"గిది మీ గల్లీ అని ఎవరు నమ్ముతరు? దుప్పట్ల దూరి ఫొటో దిగిండంటరు. బ్యానర్ కనబడాలె. నీ జనరేటర్ తెచ్చి రెండు ఫోకస్ లైట్లు పెట్టు."

"చీకటి కనబడనీకె లైట్లా సార్?"

"చీకటీ కనబడాలె, మనమూ కనబడాలె."

ఇంట్లో జాకెట్టు కోసం తట్టని జనరేటర్‌ను సారు ఫొటో కోసం తెచ్చి పెట్టాను. అది దడదడలాడి గల్లీని పొగతో నింపింది. పెళ్ళిళ్ళకు కూడా మా గల్లీ అంత వెలుగు చూడలేదు. సారు బ్యానర్ కింద నిలబడి తల దువ్వుకుంటున్నాడు. ఇంతలో వెనక నుంచి గరగరమని చప్పుడు. మా ఆవిడ ఒక పక్క, పెళ్ళికూతురి తల్లి ఇంకో పక్క పట్టుకుని కుట్టుమెషిన్ లాక్కొస్తున్నారు. తెచ్చి సరిగ్గా ఫోకస్ కింద పెట్టారు. మా ఆవిడ స్టూలు మీద కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

"అమ్మా, జర పక్కకు జరుగు. చీకటి ఫొటో దిగుతున్నం," అన్నాడు సారు.

ఆమె తల ఎత్తలేదు. "చీకటి మా ఇంట్ల మస్తున్నది సార్. లోపటికి పోయి దిగుండ్రి."

గల్లీ ఘొల్లుమంది. ఆమె జరగలేదు, ఫొటో అట్లాగే దిగారు. దిగిందే తడవు సారుకు మళ్ళీ పొదుపు గుర్తొచ్చింది. "ఇగ జనరేటర్ బంద్ జెయ్యి," అన్నాడు.

"స్విచ్చు పట్టేసింది సార్," అని దాని ముందు అడ్డంగా నిలబడి, రెండో చేయి అతికేదాకా ఆ స్విచ్చుతో కుస్తీ పట్టాను. ఆ తల్లి జాకెట్టును కొంగులో చుట్టుకుని నా బండి ఎక్కింది. బస్టాండు చేరేసరికి బస్సు కదులుతోంది. చేయి అడ్డం పెట్టి ఆపి ఎక్కించాను.

ఇంటికొచ్చేసరికి కరెంటు వచ్చింది. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"నా ఇజ్జత్ తీసినవ్. ఆదర్శ గల్లీల లైటేస్కొని పని జేసింది నువ్వొక్కదానివే," అన్నాను.

కింద పడ్డ దారం ముక్కలు ఏరుకుంటూ ఆమె అంది:

"నువ్వు మీటింగుల కూసున్నంత సేపు గల్లీల కరెంటుండె. లేసి నిలవడ్డవ్, పోయింది. ఈసారి మీటింగుకు నేను పోత. నువ్వింట్ల కూసోని హుక్కులు కుట్టు."