పక్కది పలికే మస్టరు

చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఆడవాళ్ళందరికీ ఆవిడ పెద్దక్క. సొంత చెల్లెలు కూడా అక్కడే, ఆవిడ పక్కనే నిలబడి పెట్టెలు కట్టి, ఫ్రీజర్ గదిలో పేర్చొచ్చేది. పెద్దక్కది నోరు పెద్దది, మనసు వెన్న. కొత్తగా చేరిన వాళ్ళకి గ్లౌజులు తొడుక్కోవడం దగ్గర్నుంచి సూపర్‌వైజర్ని బుట్టలో వేసుకోవడం దాకా అన్నీ ఆవిడే నేర్పాలి.

ఒకసారి ఓ కొత్త పిల్ల, "మస్టరంటే ఏంటక్కా?" అని అడిగింది.

"ఇంగ్లీషు ముక్కేలే. అందరూ ఒకచోట చేరడం అట. గంట కొడితే వరండాలో చేరాలి, పేరు పిలిస్తే పలకాలి. నువ్వు లేకపోతే నీ పక్కది పలకాలి," అంది పెద్దక్క.

ఆ చివరి మాట ఇంగ్లీషులో లేదు. ఆడవాళ్ళు కలుపుకున్నది. సాయంత్రం మస్టరు సరిపోయాకే ఫ్రీజర్ గదికి తాళం పడుతుంది. సూపర్‌వైజర్ మహానుభావుడు కాగితం మీంచి తలెత్తడు, చెవులతోనే పని కానిచ్చేస్తాడు. పిల్లలున్నవాళ్ళు కాస్త ముందే జారుకుంటే పక్కవాళ్ళు "ఉంది" అనేసేవారు. చెల్లెలు కూతుర్ని బడి నుంచి తెచ్చుకోవాలి కాబట్టి రోజూ ఆమె పేరుకి పెద్దక్కే పలికేది. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. మనమున్నా అదే చేసేవాళ్ళం.

ఆ రోజు బడికి సెలవు. "పిల్లని బావ దగ్గర వదిలొచ్చా. ఇవాళ చివరిదాకా ఉంటానక్కా, కలిసి వెళ్దాం," అంది చెల్లెలు పొద్దున్నే. "సరేలే," అంది పెద్దక్క, కత్తెర వెతుక్కుంటూ.

సాయంత్రం గంట కొట్టారు. చెల్లెలి పేరు రాగానే పెద్దక్క నాలుక దానంతటదే "ఉంది" అనేసింది. తాళం పడింది. ఆవిడ దారి పొడుగునా కూరగాయల ధరల మీద రుసరుసలాడుతూ ఇల్లు చేరింది.

గుమ్మంలో చెల్లెలి కూతురు చెప్పులేసుకుని సిద్ధంగా కూర్చునుంది. "పెద్దమ్మా, అమ్మేది?"

పొద్దున చెల్లెలన్న మాట పెద్దక్కకి అప్పుడు గుర్తొచ్చింది. వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది. గేటు దాటుతున్న సూపర్‌వైజర్ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చి తాళం తీయించింది. గది చివర, కూలిన పెట్టెల కింద కాళ్ళు ఇరుక్కుని చెల్లెలు పడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు మాత్రం తలుపు వైపే ఉన్నాయి.

ప్రాణం దక్కింది. కాలి వేళ్ళు దక్కలేదు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్న పెద్దక్క, "గట్టిగా అరవొచ్చు కదే," అంది.

"మొదట్లో అరిచానక్కా. ఆ ఫ్యాన్ల హోరులో ఎవరికి వినిపిస్తుంది? తర్వాత భయం పోయింది. ఎలాగూ మస్టరు వేస్తారు, నేను లేనని నువ్వే చెప్తావు కదా అని ఎదురుచూస్తూ పడుకున్నా. ఆ సూపర్‌వైజర్ మస్టరు ఎగ్గొట్టి ఉంటాడు."

అవునంటే సరిపోయేది. తిట్లు తినడానికి ఆ మనిషి ఉండనే ఉన్నాడు. పెద్దక్క దుప్పటి సర్దింది. సర్దిన దుప్పటే మళ్ళీ సర్దింది.

"వేశాడే. నీ పేరుకి నేనే పలికాను," అంది.