అవ్వ అడిగిన ప్రశ్న

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుణ్ణి నిలదీసినవాళ్ళు ఎవరూ లేరు. మొదటిసారి ఆ పని చేసింది మా అమ్మ తమ్ముడు, నా మేనమామ. అదీ నలుగురి ఎదుట, చావు జరిగిన ఇంట ఓదార్పుకు పెట్టే ఆదరణ కూటంలో.

మాది తిరుత్తణి. కొండ మీద మురుగన్ కోవెల, కొండ కింద మా వీధి. వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నా, క్రైస్తవులం మేమొక్కళ్ళమే. మామ తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు మామకు, అత్తకు ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ బిడ్డ కోసం మా అవ్వ, అంటే మామను, అమ్మను కన్న తల్లి, ప్రార్థించని పూట లేదు. ఆ పిల్లవాడు అడుగులు వేయడం నేర్వకముందే జ్వరం తగిలి పోయాడు.

బిడ్డను మట్టిలో పెట్టిన కొన్నాళ్ళకు మా ఇంట్లోనే కూటం పెట్టారు. కీర్తన పాడారు, వాక్యం చదివారు. మా సంఘం పాస్టరు అయ్యగారు మంచివారే. ఇచ్చినవాడు ఆయనే, తీసుకున్నవాడూ ఆయనే అని నెమ్మదిగా చెప్పబోయారు. అంతలో మామ లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. అయ్యగారి వైపు చూడకుండా అవ్వ వైపు తిరిగాడు.

"తీసుకునేదానికేనామ్మా ఇచ్చినాడు? అన్నేండ్లు అడిగి తెచ్చింది నువ్వే కదా. ఎందుకు తీసుకున్నాడో కూడా నువ్వే అడుగు. ఆయన చెప్పినాక నాకు కబురు పెట్టు. అందాకా ఈ ఇంటికీ రాను, ప్రార్థన గుడికీ రాను."

అవ్వకు కంఠతా వచ్చిన వాక్యాలు ఎన్నో. ఏదో ఒకటి చెబుతుందని అందరూ ఆమె వైపే చూశారు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే నాయనా, అడుగుతాను" అంది. అంతే. మామ చెప్పులు వేసుకుని స్టేషను వైపు వెళ్ళిపోయాడు. అత్త ఒక మూల కూర్చుని అంతా విన్నది. ఆ సాయంత్రమే వాళ్ళన్న వచ్చి ఆమెను పుట్టింటికి తీసుకుపోయాడు.

తరువాత మా ఇంటికి వచ్చినవాళ్ళందరి నోటా అదే మాట. దేవుణ్ణి అట్లా అడగడం పాపమని కొందరు, బిడ్డ పోయిన కడుపుమంట అని కొందరు. పక్కింటి అక్క మా మీద ప్రేమతోనే, "అవ్వా, మీ దేవుడు పలకలేదంటే మామను ఒక్కసారి మా కొండకు తోలుకొని రా, మనసు కుదుటపడుతుంది" అంది. అవ్వ కోపం తెచ్చుకోలేదు. "నీ మంచి మనసుకు సంతోషం తల్లీ. మా దేవుణ్ణే ఇంకా అడగతా ఉండాను" అంది.

నాకు మాత్రం వేరే ధ్యాస పట్టుకుంది. అవ్వ అడుగుతానంది. అవ్వ అడిగితే ఆయన చెబుతాడు. మరి ఎట్లా చెబుతాడు? అది నా కళ్ళతో చూడాలి. ఆ రోజు నుంచి నేను అవ్వను వదల్లేదు. ఆమె మోకరించి కళ్ళు మూసుకుంటే, పక్కన మోకరించి నేను కళ్ళు తెరిచి ఉంచేదాన్ని. గోడ మీద బల్లి అరిస్తే ఉలిక్కిపడేదాన్ని. గాలికి బైబిలు పేజీ తిరిగితే, ఎక్కడ ఆగిందో చూసి కూడబలుక్కుని చదివేదాన్ని. ఒకసారి అది అంతా పేర్ల వరసే. ఎవరు ఎవరిని కన్నారో ఉంది. అందులో మామకు చెప్పదగ్గ మాట ఏదీ దొరకలేదు.

"అవ్వా, చెప్పినాడా?"

"ఇంకా లేదుమే."

"ఎట్లా చెప్తాడు?"

"నాకు మాత్రం యాడ తెలుసు? చెప్పినప్పుడు తెలస్తాది."

ఆ మాటకు నాకు ఆశ్చర్యంతో పాటు భయం కూడా వేసింది. ఇంత వయసొచ్చినా అవ్వకే తెలియదట. జవాబు రాకపోతే మామ ఇక ఎప్పటికీ రాడు కదా అనిపించింది. అవ్వ ముఖంలో దిగులుండేది. కూర కలుపుతూ చెయ్యి ఆపేసేది. అయినా రోజూ పొద్దునా సాయంత్రం ప్రార్థన చేసుకునే చాప మీదికి వెళ్ళడం మానలేదు.

ఒక ఉదయం అవ్వ చేటలో మునగాకు దూస్తోంది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి చేట పక్కన పెట్టి లేచింది. దూసిన ఆకును గుడ్డలో మూట కట్టింది.

"మీయమ్మతో చెప్పుపో. తిరువళ్ళూరికి పోతా ఉండాం."

"చెప్పినాడా అవ్వా?"

"ఊఁ."

నేను అక్కడే ఉన్నాను. బల్లి అరవలేదు, గాలి వీచలేదు. ఎప్పుడు చెప్పాడో, ఎట్లా చెప్పాడో నాకు అంతుపట్టలేదు. పాసింజరు బండిలో కొండ దిగివచ్చిన యాత్రికులు కిక్కిరిసి ఉన్నారు. గుండు మీద చందనం పూసుకున్న ఒకామె జరిగి అవ్వకు చోటిచ్చింది. దారంతా నేను అవ్వ ముఖమే చూస్తూ, ఆ జవాబు ఎంత పెద్దదో అని ఊహించుకుంటూ కూర్చున్నాను.

మామ తలుపు తీసేసరికి గడ్డం పెరిగి, బనీనుతో ఉన్నాడు. ఆఫీసుకు పోవడం లేదని చూస్తేనే తెలుస్తోంది. అవ్వను చూసి గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాడు.

"ఏమ్మా, చెప్పినాడా?"

"నువ్వు అడిగినదానికి చెప్పలేదు నాయనా. నీ దగ్గరికి పొమ్మన్నాడు."

"పోయి ఏం చెప్పమన్నాడు?"

"ఏమీ చెప్పమన్లేదు. పొమ్మన్నాడు, వచ్చినాను."

మామ కోపంతో తలుపు వేసేస్తాడనుకున్నాను. ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. లోపల దూలానికి చీరతో కట్టిన బిడ్డ ఉయ్యాల ఇంకా అట్లాగే వేలాడుతోంది. దాని కిందే చాప, దిండు. మామ పడుకునేది అక్కడే. అవ్వ ఆ చాప మీద కూర్చుంది. మామ వచ్చి ఆమె ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాడు. బిడ్డను మట్టిలో పెట్టిన రోజు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు. పెద్దవాళ్ళు అంత గట్టిగా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. అవ్వ వాక్యం చెప్పలేదు, ప్రార్థన చేయలేదు. ఊరుకోమని కూడా అనలేదు. వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ కూర్చుంది.

తరువాత పొయ్యి వెలిగించి, అన్నం వండి, మునగాకు వేయించింది. మామ తిన్నాడు. కొన్నాళ్ళు మేము అక్కడే ఉన్నాం. ఒక పొద్దున ఆయనే గడ్డం గీసుకుని, "అమ్మా, దాన్ని పిలుచుకొస్తా" అని అత్త కోసం బయలుదేరాడు. చాలాకాలం తరువాత ఇద్దరూ గుడికి కూడా వచ్చారు. తనకు జవాబు దొరికిందని మాత్రం మామ ఎన్నడూ అనలేదు.

మేము తిరువళ్ళూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బండిలో నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఆయన గొంతు వినిపించినాదా అవ్వా?"

అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "గొంతేమీ లేదుమే. ఎందుకు తీసుకున్నావు సామీ అని అడగదామని కండ్లు మూస్తే మీ మామ మొగమే వచ్చి నిలబడతా ఉండె. ఎన్నిసార్లు అడిగినా అదే. ఆకు దూస్తా ఉంటే అప్పుడు తెలిసె. నేను వాడి బిడ్డ సంగతి అడగతా ఉండా, ఆయన నా బిడ్డ సంగతి చూడమంటా ఉండాడు."

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. మొన్న కాట్టుపల్లి ఓడరేవులో పనికి పోయే నా మనవడు ఫోను చేశాడు. వాడితో పనిచేసే కుర్రవాడు, నీ దేవుడు నిజంగా ఉంటే లోకం ఇట్లా ఎందుకుందని నిలదీశాడట. ఏం చెప్పమంటావు అవ్వా అన్నాడు. ఆ అబ్బాయి ఎట్లా ఉండాడని అడిగాను. వాళ్ళ నాయన ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాడు. ఏ ఆస్పత్రో కనుక్కొని ముందు ఆడికి పోరా అన్నాను.

దేవుడు ఎట్లా చెబుతాడో ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పడం రాదు. ఎవరైనా నా నమ్మకాన్ని నిలదీస్తే మాత్రం గబగబా జవాబు వెతుక్కోను. అడిగినవాళ్ళ ముఖంలోకి చూస్తాను, వాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటాను.