వెనక గదికి ఫ్యాను

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం నాటికి నేను గవర్నర్‌పేటలో ఒక పెద్ద ఇన్సూరెన్సు కంపెనీ బ్రాంచిలో గుమాస్తాను. మేనేజరుగారి గదికి ఎలక్ట్రిక్ ఫ్యాను ఉండేది. మా వెనక గదికి పడమటి కిటికీ ఉండేది. బెజవాడ ఎండ సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. చెమట చేతులు తగిలి పాలసీ కాగితాల మీద సిరా అలుక్కుపోయేది, దానికీ మాకే చీవాట్లు.

అందరికంటే ఇబ్బంది మా హెడ్ గుమాస్తాగారిది. నేతపని వాళ్ళింట్లో మగ్గం గుంటలోంచి లేచి ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయన. కిందటి వేసవిలో కళ్ళు తిరిగి బల్ల మీదే పడిపోయారు. మళ్ళీ అలా అయితే ఉద్యోగం మానుకోమని డాక్టరు చెప్పేశాడు. మానుకుంటే తిరిగి మగ్గమే గతి, మోకాళ్ళేమో అప్పటికే వంగేవి కావు. ఫ్యాను మాకందరికీ కావాలి గానీ, ఆయనకది ఉద్యోగం నిలబడే సంగతి. మేనేజరుగారిని అడిగితే "హెడ్డాఫీసువాళ్ళు ఇవ్వాలయ్యా" అనేవారు.

ఎండలు మొదలవుతుండగా హెడ్డాఫీసే కదిలి వచ్చింది. బొంబాయి నుంచి ఒక ఆఫీసరు. సిబ్బంది సంతోషంగా ఉన్నారో లేదో కనుక్కోవడానికి ఊరూరా తిరుగుతున్నాడట. యూనియన్లు పుట్టుకొస్తున్న రోజులు మరి, మా సంతోషం మీద కంపెనీకి హఠాత్తుగా ప్రేమ పుట్టింది. ఫ్యాను సంగతి హెడ్ గుమాస్తాగారే చెప్పాలని అనుకున్నాం. పెద్దాయన ఉండగా మేం నోరు విప్పితే బాగుండదు.

ఆఫీసరు మా గదికి వచ్చి, కోటులో ఉడికిపోతూనే, నవ్వుతూ ఇంగ్లీషులో అడిగాడు.

"మీకేమైనా కావాలా? మొహమాటపడకండి."

హెడ్ గుమాస్తాగారు లేచి చేతులు కట్టుకున్నారు.

"అబ్బే, మాకేం లోటండీ! అంతా బాగానే ఉంది" అన్నారు, ఆయనా ఇంగ్లీషులోనే.

ఆఫీసరు "చాలా సంతోషం" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, మేనేజరు గదిలోకి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అదేంటండీ గురువుగారూ! అలా అనేశారేంటి?"

ఆయన ముఖం పాలిపోయింది. "ఇంకోసారి అడుగుతాడనుకున్నానయ్యా. అడగ్గానే ఫలానాది కావాలని చెప్పేస్తామా ఎక్కడన్నా?"

మా కంకిపాడులోనూ అంతే. ఇంటికొచ్చిన మనిషిని భోజనానికి లేవమంటే, కడుపు మాడిపోతున్నా "ఇప్పుడే తినొచ్చానండీ" అంటాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోరు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పీట మీద కూర్చోబెట్టాకే వదులుతారు. బొంబాయి మనిషికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

నేను తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి ఫ్యాను కావాలని చెప్పాను. ఆఫీసరు చికాకుపడ్డాడు.

"మీ పెద్దాయన అంతా బాగుందన్నారే! ఆయన అబద్ధమాడారంటారా?"

ఔనంటే పెద్దాయన పరువు పోతుంది, కాదంటే ఫ్యాను పోతుంది. ఇంతలో వెనక దగ్గు వినిపించింది. హెడ్ గుమాస్తాగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అబ్బాయి చెప్పిందే నిజమండీ. నేను చెప్పిందే అబద్ధం. ఈ వేసవి ఆ గదిలో నేను పనిచెయ్యలేను" అన్నారు.

ఒకరిని నోరు తెరిచి ఏదైనా ఇమ్మనడం ఆయనకు అదే మొదటిసారేమో, చెవులు ఎర్రబడ్డాయి. ఆయన్ని అలా చూడాల్సి వచ్చినందుకు నాకు బాధేసింది.

రోహిణి కార్తె రాకముందే ఫ్యాను వచ్చింది. ఒక్కటే వచ్చింది. కప్పుకు కొక్కెం ఉన్నచోట బిగించారు, దాని కిందున్నది నా బల్ల.

"గురువుగారూ, ఇటొచ్చి కూర్చోండి" అన్నాను.

"వద్దులేవయ్యా, నాకిక్కడ బాగానే ఉంది" అన్నారు ఆయన, మెడ తుడుచుకుంటూ.

ఆ మాట నేను పట్టించుకోలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాకే వదిలాను. ఆయన కళ్ళు మూసుకుని గాలికి ముఖం ఎత్తారు.